పెళ్లి ప్రకటన నాడే అడగవలసిన ప్రశ్న

చాపాడు చుట్టుపక్కల పల్లెల్లో పిల్లవాడికి కాస్త జ్వరం, ఒంటిమీద సన్నని ఎర్రటి దద్దుర్లు వస్తే 'అమ్మవారు' అనుకొని ఊరుకుంటాం. మూడు రోజుల్లో తగ్గిపోతుంది. కానీ అదే ఇంట్లో రెండో నెల గర్భిణి ఉంటే సంగతి వేరు. ఆ దద్దుర్లు రుబెల్లావి కావచ్చు.

ఈ జబ్బు పిల్లలకు తేలికే, గర్భంలోని శిశువుకే ప్రమాదం. 1941లో ఆస్ట్రేలియా కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్ దీన్ని గుర్తించారు. మొదటి 12 వారాల్లో తల్లికి సోకితే వైరస్ బిడ్డకు చేరే అవకాశం 90 శాతం దాకా ఉంటుంది. గర్భం పోవచ్చు, లేదా బిడ్డ కంటి శుక్లంతో, చెవుడుతో, గుండె లోపంతో పుట్టవచ్చు.

2017 ఆగస్టులో మన రాష్ట్రంలో 9 నెలలు మొదలు 15 ఏళ్లలోపు పిల్లలందరికీ తట్టు-రుబెల్లా టీకా వేశారు. అప్పటికే 15 నిండిన ఆడపిల్లలు ఆ లెక్కలోకి రాలేదు. నేటి పెళ్లికూతుళ్లలో, తల్లులలో అనేకులు వారే. చిన్నప్పుడే ఈ జబ్బు వచ్చి రక్షణ పొందినవారూ వారిలో ఉంటారు. ఎవరికి రక్షణ ఉందో రక్తపరీక్షే చెప్పాలి.

కనుక దద్దుర్లున్న బిడ్డ దగ్గర మెలగిన గర్భిణి భయపడి ఏ తొందర నిర్ణయమూ తీసుకోకూడదు. దగ్గర మెలిగినంత మాత్రాన జబ్బు సోకినట్టు కాదు. ముందుగా ఫోన్ చేసి, ఏ రోజున కలిశారో చెప్పి, వెంటనే డాక్టరును సంప్రదించాలి. రెండు మూడు వారాల తర్వాత పరీక్ష మళ్లీ చేయవలసి రావచ్చు. గర్భంతో ఉండగా ఈ టీకా వేయరు.

ఇంట్లో నిందలు కూడా వద్దు. దద్దుర్లు పైకి కనబడటానికి వారం ముందు నుంచే రుబెల్లా అంటుకుంటుంది. కోడలిని గాని, ఆడబిడ్డ కొడుకుని గాని తప్పుపట్టి లాభమేమిటి? పుట్టు గ్రుడ్డివానిని చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే ప్రభువు ఆ నిందను ఒప్పుకోలేదు.

సంఘాలకు మా మనవి ఒకటే. టీకా వేయించుకున్నాక కనీసం నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. అందుకే మందిరంలో పెళ్లి ప్రకటన చదివే రోజుల్లోనే, కాపరి గాని స్త్రీల సమాజం పెద్దలు గాని వధువును అడగాలి: "అమ్మా, రుబెల్లా టీకా వేయించుకున్నావా?" పెళ్లికి ముందు ఆ ఒక్క మాట అడిగితే, రేపు ఒక బిడ్డ చూపు నిలబడవచ్చు.