ముద్గల్ చర్చికి ఒక కొలతల పుస్తకం కావాలి

పాత చర్చి అంటే తెలుగువాడి కన్ను మెదక్ వైపో గోవా వైపో తిరుగుతుంది. రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోని ముద్గల్ ఎవరికీ గుర్తుకు రాదు. మెదక్ చర్చి 1924లో తెరుచుకుంది. గోవాలో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం ఉన్న బోమ్ జీసస్ చర్చికి 1605లో ప్రతిష్ఠ జరిగింది. ముద్గల్‌లో యేసుసభ (జెసూట్) గురువులు 1557 ప్రాంతంలోనే చర్చి కట్టించారని చెబుతారు.

సముద్రానికి ఇంత దూరాన, రాయచూరు అంతర్వేది నడిబొడ్డున అది ఎలా సాధ్యమైంది? గోవాను ఏలుతున్న పోర్చుగీసులు ఈ నేలకు కొత్తవాళ్లు కారు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు క్రిస్టోవావ్ డి ఫిగెయిరెడో వెంట వచ్చిన పోర్చుగీసు తుపాకీవాళ్లు ఆయన పక్షాన నిలిచారు. ముందు తుపాకి వచ్చింది, నలభై ఏళ్లు తిరక్కుండానే శిలువ వచ్చింది. విశేషమేమిటంటే, దాన్ని ఇక్కడ నిలబెట్టినవారిలో బీజాపూరు ఆదిల్‌షాహీ సుల్తానులూ ఉన్నారు. ముద్గల్, రాయచూరు, చిత్తాపూరు క్రైస్తవులకు ఆదిల్‌షాహీల కాలంలో ఇనాం భూములు దక్కాయి. ముస్లిం ప్రభువు ఇచ్చిన మాన్యం మీద కన్నడ నేలలో క్రైస్తవ ఆరాధన సాగింది. అదే ఊరి మొహర్రంలో నేటికీ అన్ని మతాలవారూ పాల్గొంటారు. దక్కన్ చరిత్రలో ఇంతకన్నా విలువైన పేజీలు తక్కువ.

ముద్గల్ కోట గురించి రాసినవాళ్లున్నారు. కొన్నిచోట్ల 50 గజాల వెడల్పున్న దాని కందకాన్ని కొలిచినవాళ్లూ ఉన్నారు. చర్చికి ఆ భాగ్యం పట్టలేదు. ఇది అన్యాయం.

పాత ఆరాధనాలయాలకు పెద్ద ముప్పు వానలతో రాదు, మరమ్మతులతో వస్తుంది. పాత గచ్చు మీద సిమెంటు, బండల మీద టైల్స్, రాతి మీద రంగు పడితే ఏ గోడ ఏ కాలానిదో చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే తాపీ పట్టేలోపే పని మొదలుకావాలి. కర్ణాటక పురావస్తు శాఖ, బళ్లారి మేత్రాసనం కలిసి ప్రతి గోడనూ కొలిచి, ఫొటో తీసి, సమాధి రాళ్ల మీది అక్షరాలనూ ఇళ్లలో దాచుకున్న పాత కాగితాలనూ నకలు చేయించాలి. ఇవన్నీ కూర్చిన పుస్తకం కన్నడంతో పాటు తెలుగులోనూ అచ్చు కావాలి. రాయచూరులో రెండు భాషలూ వినిపిస్తాయి గదా.

హంపికో బీజాపూరుకో ఆ దారిన వెళ్లే తెలుగువాళ్లు ముద్గల్‌లో ఒక పూట ఆగండి. కోటతో పాటు చర్చినీ చూసి రండి.