కిచెన్ ఉన్న రిసార్టా? నాకొద్దు!

అండమాన్ వెళ్దామనుకున్నాక వారం రోజులుగా మా ఇంట్లో ఒకటే చర్చ. హేవ్‌లాక్‌లో, అదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, ఏ రిసార్టు తీసుకోవాలి? మావారు తేల్చేశారు: విజయనగర్ బీచ్ వైపు, కిచెన్ ఉన్న కాటేజీ. "చిన్న కుక్కర్ పట్టుకెళ్తే హోటల్ తిండి ఖర్చు మిగులుతుంది" అని.

ఎవరికి మిగులుతుందండీ? ఏడాదంతా ఇక్కడ వండేది నేనే. సముద్రం దాటి వెళ్లి కూడా పప్పుకి పోపు పెట్టాలా? నా చాకిరీకి లెక్క కట్టరు కాబట్టే అది మిగులులా కనిపిస్తోంది!

పైగా అది తూర్పు తీరం. ఆటు సమయంలో నీళ్లు దూరంగా వెళ్లిపోయి రాళ్లు బయటపడతాయి. పోటు వచ్చేదాకా పిల్లలు ఒడ్డునే కూర్చోవాలి. సూర్యాస్తమయం చూడాలంటే పడమటి వైపు రాధానగర్‌కి టాక్సీ. ఆ ఖర్చు ఈయన లెక్కలో లేదు. రాధానగర్ దగ్గర రిసార్టులు ఖరీదే, ఒప్పుకుంటాను. అయితే ఐదు రాత్రులు మానేసి మూడే ఉందాం, టిఫిను అద్దెలోనే కలిపి ఇచ్చేచోట.

"అమ్మ చేతి వంట లేకపోతే పిల్లలు తినరు" అని అత్తయ్యగారు. తింటారు. ఆకలేస్తే పరోటా అయినా తింటారు.

మీ ఇంట్లోనూ "కిచెన్ ఉందోయ్" అని మురిసిపోతే ఒక్కటే అడగండి: అంట్లు ఎవరు తోముతారు? నేనడిగాను. జవాబైతే ఇంకా రాలేదు కానీ, బుకింగ్ మాత్రం ఆగింది.