ఒక పీచు.. ఒక గింజ

వాన పడుతుంటే బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు, పైన ఉప్పూ కారం, నిమ్మచెక్క! తెలంగాణలో అయితే మక్క కంకి. తినేటప్పుడు అడ్డొచ్చే పీచుని విసుక్కుంటూ పీకి పారేస్తాం కదా. అసలు కథంతా ఆ పీచులోనే ఉంది.

మొక్కజొన్నలో మగపూలు, ఆడపూలు ఒకే మొక్కకి వస్తాయి, కాకపోతే వేర్వేరు చోట్ల. నెత్తిమీద కుచ్చులా కనిపించేది మగపూత. కాండం మధ్యలో పచ్చటి పొరల చాటున ఉండే లేత కండె ఆడపూత. మందారంలా రంగుండదు, మల్లెలా వాసనుండదు. తేనెటీగల్ని పిలవాల్సిన పని లేదు మరి. ఇక్కడ డెలివరీ బాయ్ గాలే.

కండె మీద ఎన్ని అండాలో, అన్ని పీచులు. గాలికి రాలిన పుప్పొడి రేణువు పీచుకి అంటుకుని, లోపలికి సన్నటి గొట్టం మొలిపించి, సుమారు ఒక్కరోజులో అండాన్ని చేరుతుంది. ఆ గొట్టంలో రెండు మగకణాలు వెళ్తాయి. ఒకటి స్త్రీబీజంతో కలిసి పిండమవుతుంది. రెండోది పక్కనున్న ఇంకో కణంతో కలిసి, ఆ పిండానికి తిండి తయారుచేస్తుంది. పాప్‌కార్న్‌లో తెల్లగా విచ్చుకునేది ఆ తిండే! పూలమొక్కల్లో జరిగే ఈ ద్విఫలదీకరణని 1898లో రష్యా శాస్త్రవేత్త నవాషిన్ కనిపెట్టాడు.

పుప్పొడి అందని పీచు దగ్గర గింజ పట్టదు. రైతుకి టెన్షన్ ఇక్కడే. ఒక పొలంలో పుప్పొడి జోరుగా రాలేది దాదాపు వారం రోజులే. సరిగ్గా అప్పుడే నీటి ఎద్దడి వస్తే పీచు లేటుగా బయటికొస్తుంది. ఈలోగా పుప్పొడి అయిపోతుంది. ఎండ మరీ ముదిరితే పుప్పొడే చచ్చిపోతుంది. చేను పచ్చగానే ఉంటుంది, కండె ఒలిచి చూస్తే సగం ఖాళీ. తర్వాత ఎన్ని తడులు పెట్టినా ఆ గింజలు రావు. మా సాఫ్ట్‌వేర్‌లోలాగా రోల్‌బ్యాక్ ఉండదు.

కండె చివర పీచు అన్నిటికంటే ఆఖర్న బయటికొస్తుంది. అందుకే కొస తరచూ బోడిగా ఉంటుంది.

ఈసారి పొత్తు కొన్నప్పుడు గింజల వరుసలు లెక్కపెట్టండి. పన్నెండో, పద్నాలుగో, పదహారో.. మామూలుగా సరిసంఖ్యే వస్తుంది, ఆడపూలు జంటలుగా పుడతాయి కాబట్టి. మధ్యలో ఖాళీలు కనిపిస్తే మాత్రం బండివాళ్లతో గొడవపడకండి. ఆ వారం ఎవరి చేనుకో నీళ్లు అందలేదేమో!