కంపవాతమును దూలగొండి విత్తును



ఈ మాసమున మాకు వచ్చిన జాబులలో నొకదానియందు పాలకొండ ప్రాంతపు సోదరి యొకతె యిట్లు వ్రాసినది: "మా యమ్మగారికి చేతులు వణకుచున్నవి. వైద్యుడిచ్చిన బిళ్లలు మానిపించి దూలగొండి చూర్ణ మీయవచ్చునా?" బదులు చెప్పుటకు ముందు మా యింట మేము చేసిన యొక తప్పును చెప్పుకొనవలసియున్నది.

మా యత్తగారికి డెబ్బది రెండేండ్లు. నరసన్నపేటలో మా వీథి ఆడుపడుచులు పలువురు ఆమె ముగ్గులను చూచి నేర్చుకొన్నవారే. నాలుగేండ్ల క్రిందట ఆమె కుడిచేయి ఊరక యున్నపుడు వణకసాగెను. ముగ్గుగీత వంకరపోయెను, అడుగు చిన్నదయ్యెను, మజ్జిగగిన్నె పట్టిన తొణకుచుండెను. మా వారు విశాఖపట్టణమునకు తీసికొనిపోగా, నరముల వైద్యుడు పరీక్షించి పార్కిన్సన్ వ్యాధియని చెప్పి, దినమునకు మూడు బిళ్లల నేర్పరచెను. కొంత నెమ్మది కలిగెను.

అంతట బంధువొకరు దూలగొండి చూర్ణపు డబ్బా తెచ్చి, "ఇది పూర్వుల మందు, హాని యేమియు లేదు" అనిరి. మేము బాల్యమున తండ్రిగారియొద్ద వైద్యగ్రంథములు కొంత చదివినవారము. మాధవనిదానమున శరీరమును శిరస్సును వణకించు వేపథువను వాతరోగము చెప్పబడినది. కపికచ్ఛువు, ఆత్మగుప్త యను పేళ్లతో దూలగొండియు మాకు పరిచితమే. ఆ గర్వముతో వైద్యునకు చెప్పక, అత్తగారికిని చెప్పక, రాత్రిపాలలో చెంచాడు చూర్ణము కలిపి యిచ్చితిమి. బిళ్లలును మానలేదు. ఆరవనాటికి వాంతులు మొదలయ్యెను. లేచి నిలిచిన తల తిరుగుచుండెను. మెడయు భుజమును తమంతట తామే మెలిదిరుగుచుండెను. ఒక యుదయమున ఆమె తులసికోట యొద్ద తూలి పడినది. దైవానుగ్రహమున ఎముక విరుగలేదు.

డబ్బా చూపగా వైద్యుడు కోపింపలేదు. "అమ్మా, ఈ చూర్ణములో నున్నదియు నా బిళ్లలో నున్నదియు నొక్కటే మందు. మీరు తెలియకయే మోతాదు పెంచితిరి" అనెను. ఆ మాట మమ్ము ఆలోచింపజేసినది. తరువాత చదివి తెలిసికొన్నదానిని మీకు విన్నవించుచున్నాము.

దూలగొండి మన కంచెలమీదను తుప్పలలోను ప్రాకు తీగ. కాయమీది నూగు తగిలిన దురద భరింపరానిది. 1937లో చెన్నపట్టణమున దామోదరన్, రామస్వామి యను శాస్త్రజ్ఞు లిరువురు దీని విత్తులనుండి ఎల్-డోపా యను పదార్థమును వేరుచేసిరి. అది వణకును తగ్గించునని అప్పటికి లోకమునకు తెలియదు.

ఇచట మన దేశపు మరియొక మూలిక కథలోనికి వచ్చును. 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ అనువారలు సర్పగంధ వేరు ఉన్మాదమునకును రక్తపుపోటునకును పనిచేయునని ప్రకటించిరి. 1952లో స్విట్జర్లండు దేశమున దానినుండి రిసర్పిన్ అను సారమును తీసిరి. మోతాదు మించిన నదియే కంపవాతము వంటి బిగువును వణకును కలిగించెను. కొందరు మనోదైన్యమున పడిరి. 1957లో స్వీడను దేశపు ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చి కదలకుండ జేసి, పిమ్మట డోపా నెక్కింపగా నవి లేచి తిరుగాడినవి. మెదడులో డోపమిన్ అను రసము తరిగిన చలనము చెడునని, డోపా ఆ రసముగా మారునని ఇట్లు తేటపడెను. ఆయనకు 2000లో నోబెల్ బహుమానము లభించినది. నేటి బిళ్లలోని లెవోడోపా ఆ ఎల్-డోపాయే.

అట్లయిన చూర్ణమే చాలదా యని మీ రడుగవచ్చును. 2004లో లండనునందు ఎనిమిదిమంది రోగులపై పరీక్షింపగా, ముప్పది గ్రాముల చూర్ణము బిళ్లకంటె త్వరగ పనిచేసెను. 2017లో ప్రకటితమైన వేరొక పరీక్షలోను ఫలితము బాగుగనే యుండెను. కాని మరుసటి యేట పదునలుగురికి పదునారు వారముల పరీక్ష జరుపగా, చూర్ణము పుచ్చుకొనుచు ఏడుగురు మధ్యలోనే విడిచిరి. నలుగురికి కడుపు బాధ, ముగ్గురికి చలనము చెడుట కారణము. బిళ్లలో కార్బిడోపా యను తోడుమందు కలదు. అది డోపాను మెదడు చేరకమునుపే మారిపోకుండ కాచి వాంతులను తగ్గించును. చూర్ణమున నా కాపు లేదు. పైగా ఏ డబ్బాలో నెంత డోపా యున్నదో మన చెంచాకు తెలియదు.

చీనాదేశపు వారును తమ మూలికల నిట్లే తూచి చూచుచున్నారు. వారి కొండమొక్క యొకదానినుండి తీసిన హ్యూపర్జిన్ అచట వృద్ధుల మతిమరపునకు వాడుకలో నున్నది. అమెరికాలో 210 మంది రోగులపై జరిపి 2011లో ప్రకటించిన పరీక్షలో, ముందు నిర్ణయించిన మోతాదున మేలు కనబడలేదు. పూర్వులపై గౌరవముంచుటకును పరీక్షించుటకును విరోధము లేదు.

కావున, సోదరీ, బిళ్లలను హఠాత్తుగ మానిపింపకుము. తీవ్రజ్వరమును దేహపు బిగువును కలిగి ప్రాణముమీదికి రావచ్చును. ప్రతి వణకును కంపవాతము కాదు. గళగ్రంథిదోషమువలనను, కొన్ని మందులవలనను వణకు కలుగును. వైద్యుని నిర్ణయ మడుగుము. లెవోడోపా బిళ్లను భోజనమునకు అరగంట ముందుగా నిమ్ము; పప్పు, పాలు, పెరుగు దానితో కలిసిన మందు పట్టదు. చూర్ణము నమ్మకమైనచో డబ్బాను వైద్యుని యెదుట నుంచి మాటాడుము.

మా యత్తగారు కోలుకొన్న పిదప జరిగినదంతయు ఆమెకు చెప్పి క్షమాపణ వేడితిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "నా కడుపులోనికి పోవుదానిని నాకే చెప్పవద్దా, అమ్మా?" అనినది. నాటినుండి మందువేళ బిళ్లను ఆమె చేతిలో నుంచి, పేరు చెప్పి, ఆమె సరేయనిన పిమ్మటనే నీళ్లందించుచున్నాము. నీవును మీ యమ్మగారితో మొదట మాటాడుము. ఆమె యేమనినదో మాకు వ్రాయుము.