పొరుగువారి పర్వములు: గెదల్యా ఉపవాసము

క్రిందటేడు ఒకనాడు మా ఆఫీసులో ఒక పెద్దాయన మధ్యాహ్నం టిఫిను డబ్బా తేలేదు. ఆయన బెనె ఇజ్రాయెల్ వారు. అనగా కొంకణతీరాన తరతరాలుగా స్థిరపడి మరాఠీ మాట్లాడే యూదులు. పూర్వం గానుగలాడించి బ్రతికేవారు. శనివారం గానుగ కట్టరు గనుక ఊళ్ళవాళ్ళు వారిని 'శనివార్ తేలీ'లనేవారు. "ఒంట్లో బాగులేదా అండీ?" అంటే "రోజా" అన్నారు. యూదులకు రోజా ఏమిటా అనుకున్నాను. ఉపవాసానికి వారి వాడుకమాట అదేనట.

వారి సంవత్సరాది రెండు దినాలు. తిష్రీ నెల పాడ్యమి, విదియ అనుకోండి. వారికీ చాంద్రమాసాలే, అధికమాసమూ ఉన్నది. పండుగ ముగిసిన మర్నాడే, తదియనాడు, ఈ ఉపవాసం. తెల్లవారుజాము మొదలు చుక్కలు పొడిచేదాకా మంచినీళ్ళయినా ముట్టరు. శనివారం పడితే ఆదివారానికి జరుపుతారు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, రోగులకు పట్టింపు లేదు.

కథ ఇది. క్రీ.పూ. 586లో బాబిలోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము దేవాలయాన్ని కాల్పించి, ప్రజలను చెరపట్టుకుపోయాడు. మిగిలిన బీదసాదలకు గెదల్యా అనే స్వజనుణ్ణే అధికారిగా నియమించాడు. ఆయన మిస్పా ఊళ్ళో కూర్చుండి, భయపడకండి, పండ్లూ నూనే కూర్చుకొని కాపురాలు చేసుకోండి అని ధైర్యం చెప్పాడు. చెదిరినవారు తిరిగి వచ్చారు. ఇష్మాయేలు అనే రాజవంశీకుడు నిన్ను చంపబోతున్నాడని యోహానాను రహస్యంగా హెచ్చరిస్తే, గెదల్యా నమ్మలేదు. అతడు పదిమందితో వచ్చాడు, కలిసి భోంచేశారు, ఆ పంక్తిలోనే లేచి చంపాడు. బాబిలోను పగ తీర్చుకుంటుందని జనం ఐగుప్తుకు పారిపోయారు. వద్దన్న యిర్మీయా ప్రవక్తనూ వెంట తీసుకుపోయారు.

"ఒక్క అధికారి చావుకు ఇన్ని వందల ఏండ్లు పస్తా?" అని అడిగేశాను. అడగకూడని మాటే. ఆయన కోపగించుకోలేదు. "గుడి పరాయివాడు కాల్చాడండీ. మిగిలిన నాలుగిళ్ళూ మావాడే ఆర్పాడు" అన్నారు. నేను నా డబ్బా మూసేశాను.

మర్నాడు వారికి 'ఖీరీచా సణ్', పాయసం పండుగ. 1948 తరువాత వారిలో చాలామంది ఇజ్రాయెల్ చేరారు. ఈయన పిల్లలూ అక్కడే. ఇంట ఇద్దరే. అయినా కొబ్బరిపాల పాయసం డబ్బానిండా తెచ్చి, "మా ఆవిడ కొలత ఇంకా తగ్గించలేదు" అంటూ మా బల్లలన్నిటికీ తానే వడ్డించారు.