కెమెరా కూడా అమానతే

కార్వాన్‌లో సొంతంగా ఫోటోలు తీసి బతికే యువకుడికి నెల జీతం లేదు. షాదీల సీజను ముగిస్తే పని ఉండదు. ఆల్బమ్ అందించాక కూడా మిగతా సొమ్ము కోసం ఇంటి చుట్టూ తిరగాలి. ఇది అన్యాయం.

ఈ వృత్తి చిన్నదేమీ కాదు. లాలా దీన్ దయాళ్ ఇందోర్‌లో సర్కారు కొలువు వదిలి కెమెరానే నమ్ముకున్నారు. ఆరో నిజాం నుంచి ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందారు. 1892లో హైదరాబాదులో పర్దా స్త్రీల కోసం ప్రత్యేక స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది ఒక ఆంగ్ల మహిళ. పర్దాను గౌరవిస్తూనే ఈ పని చేయవచ్చని ఆనాడే చూపించారు.

షాదీలో తీసిన ఆడపడుచుల ఫోటో అమానత్. అనుమతి లేకుండా ప్రచారానికి వాడితే ఖయానత్. అతని మజూరీ ఆపితే మనదీ ఖయానతే. మన ఆడపిల్లలకు ఈ పని నేర్పితే వారికి ఉపాధి, మనకు నిశ్చింత. ఆలోచించండి.