కానుకా? మామూలా?



ప్రతి ఏడాదీ మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో గురువుల మీద ఒక వ్యాసం తప్పనిసరిగా ఉంటుంది. గురువు దైవమనో, జ్యోతి అనో రాస్తాం. ఏకలవ్యుడి బొటనవేలు గురించి ఇప్పటికి ఎన్నిసార్లు రాశారో లెక్కే లేదు కాబట్టి దాన్ని మళ్లీ ఎత్తుకోం. ఈసారి కొంచెం ఇబ్బందిగా ఉండే విషయం రాయదలచుకున్నాం. బడిలో చదువు చెప్పే మాస్టార్లకు మన అమ్మానాన్నలు కృతజ్ఞతగా కానుకలు ఇవ్వాలా, వద్దా? మేం వద్దనే అంటున్నాం. అయితే వద్దనడం అనుకున్నంత తేలిక కాదని కూడా ఒప్పుకుంటున్నాం.

ముందు మా సంగతి చెప్పనివ్వండి. మేం ఆరో తరగతిలో చేరిన ఏడు క్లాసులో హాస్టల్ వాళ్లం పదహారు మందిమి. సెప్టెంబర్ 5 దగ్గర పడుతుంటే తలకు ముప్పై రూపాయలని నిర్ణయమైంది. క్లాసు లీడరు నోటుబుక్కు పట్టుకుని బెంచీ బెంచీకీ తిరిగాడు. ఆ నెలలో మా నాన్నలు ఎవరిదో పత్తిచేలో మందు కొట్టే పనిలో ఉంటారు. కూలి చేతికి ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలీదు. ఫోన్ చేసి అడగడానికి మాకు మనసు రాలేదు. హాస్టల్లో ఇచ్చే కాస్మెటిక్ ఛార్జీల డబ్బుల్లోంచి తీసి కట్టాం. ఆ నెల తలనూనె లేదు, బట్టల సబ్బు ఒకటి తెచ్చి ముగ్గురం అరగదీసుకున్నాం.

సభ రోజున సార్లకు గోడ గడియారం, స్టీలు డిన్నర్ సెట్టు ఇచ్చారు. డబ్బులు కట్టిన వాళ్ల పేర్లు మైకులో చదివారు. ఊళ్లో పిల్లల పేర్లు ఇంటిపేర్లతో సహా చదివి, ఆఖర్న "ఇంకా హాస్టల్ పిల్లలు" అన్నారు. అంతే. పదహారు పేర్లు రెండు మాటల్లో తేలిపోయాయి. చప్పట్లు అందరితో పాటు మేమూ కొట్టాం. అది అవమానమని అప్పుడు తోచలేదు, చాలా ఏళ్లకు తోచింది.

ఈ ఇచ్చి పుచ్చుకోడం ఈనాటిది కాదు. మన పెద్దలు చెప్పుకునే వీధిబడి పంతుళ్లకు నెల జీతమంటూ ఉండేది కాదు. దసరా వచ్చిందంటే పంతులుగారు పిల్లల చేతికి రంగుకాగితాలు చుట్టిన విల్లంబులిచ్చి, పాటలు పాడించుకుంటూ ఇల్లిల్లూ తిప్పేవారు. గృహస్థులు పంతులుగారికి డబ్బులు, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. దాన్ని దసరా మామూలు అన్నారు. ఆ రోజుల్లో అదే ఆయన బతుకుతెరువు గనక తప్పు పట్టడానికి లేదు. కానీ ఆ విల్లంబుల ఊరేగింపు మాలపల్లెకూ మాదిగపల్లెకూ వచ్చేది కాదు. ఆ బడిలో మన తాతల పిల్లలు లేరు మరి!

మన పల్లెల్లోకి బడి వేరే దారిన వచ్చింది. 1842లో గుంటూరులో లూథరన్ మిషన్ మొదలైంది. 1866లో బాప్టిస్టు మిషన్ తరఫున జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. ఆ మిషన్ల వల్ల మన పల్లెల్లో పలకా బలపం కనపడ్డాయి. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా గారు చదువుకునే రోజుల్లోనే అంటరానితనపు అవమానాలు పడి, తర్వాత తానే గుంటూరులో పిల్లలకు చదువు చెప్పారు. ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, చదువు చెప్పే మనిషంటే మన ఇళ్లలో ఉన్న గౌరవం ఊరికే పుట్టింది కాదు. దొరక్క దొరక్క దొరికింది గనక మనవాళ్లు ఏదో ఒకటి చేతిలో పెట్టాలని ఆరాటపడతారు.

ఆ ఆరాటంలోనే ఇంకొకటి కూడా కలిసి ఉంది. మన తాతలు మునసబుకూ కరణానికీ ఆసామికీ కోడిపెట్టో, గుమ్మడికాయో పట్టుకెళ్లారు. అది ప్రేమతో ఇచ్చింది కాదు. ఇవ్వకపోతే ఏమవుతుందోనని ఇచ్చింది. అందుకని మేం ఒక కొలత పెట్టుకున్నాం. "ఇవ్వకపోతే నా బిడ్డకు ఏమవుతుందో" అనే భయం ఏ మూలనైనా ఉంటే అది మామూలు. ఆ భయం లేకపోతే అది కానుక. పదో తరగతి చదివే పిల్లవాడి తల్లికి ఆ భయం లేదని ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా?

మాలో ఒకడి అమ్మ కథ చెబుతాం. ఎనిమిదో తరగతిలో ఉండగా ఫిబ్రవరి నెలలో ఆమె బడికి వచ్చింది. మిరప కోతల కాలం. కల్లంలో ఏరి పడేసిన తాలుకాయలు ఊరికే దొరుకుతాయి. ఆమె అవి తేలేదు. కూలి డబ్బు పెట్టి మేలుకాయలు రెండు కిలోలు కొని, తొడిమలు తీసి, రోట్లో తనే దంచింది. చేతులు మండి రెండు రోజులు మజ్జిగలో ముంచుకుందట. ఆ కారం తెచ్చి లెక్కల మాస్టారి బల్ల మీద పెట్టింది.

"మావాణ్ణి కాస్త కనిపెట్టుకోండి సారూ" అంది.

"కనిపెట్టుకోడానికే గదమ్మా నాకు జీతమిచ్చేది. ఇది ఇంటికి తీసుకుపో, పిల్లలకు అన్నంలో వేసి పెట్టు" అన్నారాయన.

చాలా మంచి మాట. మేం పక్కనే ఉన్నాం, మాకు సారు మీద గౌరవం పెరిగింది. ఆమె మాత్రం మూట కట్టుకుని బస్టాండు దాకా ఒక్క మాటా మాట్లాడలేదు. బస్సెక్కే ముందు కొడుకుతో, "మన కారం వాళ్లింట్లో పొయ్యి దాకా పోదులేరా" అంది. తర్వాత ఆమె ఆ బడి గడప తొక్కలేదు.

ఆ సారు అలాంటి మనిషి కాదు. ఒక పెద్ద ఆసామి పంపించిన మిరపకాయల టిక్కీని కూడా ఆయన వెనక్కి పంపించారని మాకు పదో తరగతిలో తెలిసింది. కానీ ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పారు? కులం చూసి వద్దన్నారో, నియమం చూసి వద్దన్నారో ముఖం చూస్తే తెలిసేది కాదు. తరతరాలుగా మన చేతి నీళ్లు కూడా వద్దనిపించుకున్న వాళ్లం, మనకు ముందు తోచేది మొదటిదే.

నియమం ఉన్నమాట నిజమే. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి ప్రకారం ఉద్యోగి అనుమతి లేకుండా కానుకలు తీసుకోకూడదు. పూలు, పండ్లు లాంటి కొద్దిపాటి విలువ ఉన్నవాటికి మినహాయింపు ఇచ్చి, వాటిని సైతం ప్రోత్సహించవద్దని చెబుతుంది. ఇంకా గట్టిగా ఉన్న దేశాలూ ఉన్నాయి. దక్షిణ కొరియాలో మే 15 ఉపాధ్యాయ దినోత్సవం, ఆ రోజు టీచరుకు కార్నేషన్ పువ్వు ఇవ్వడం ఆచారం. 2016 సెప్టెంబర్‌లో అక్కడ కొత్త అవినీతి నిరోధక చట్టం అమల్లోకి వచ్చాక ఆ పువ్వు కూడా విద్యార్థుల ప్రతినిధి అందరి ముందు ఇవ్వాలి తప్ప ఎవరి తల్లి వారు విడిగా ఇవ్వకూడదు. మొదట నవ్వొచ్చింది గానీ ఆలోచిస్తే అందులో న్యాయం కనపడింది. అందరికీ ఒకటే నియమమని ముందే తెలిస్తే, వద్దన్నప్పుడు ఏ తల్లీ తన కులాన్ని తలుచుకుని బాధపడదు.

మేం కోరేది కూడా అదే. బడి తెరిచాక జరిగే మొదటి సమావేశంలోనే హెడ్మాస్టరు గారు, ఇక్కడ ఎవరి దగ్గరా ఏమీ తీసుకోం, ఆసామి దగ్గరైనా కూలి దగ్గరైనా, అని అందరి ముందూ చెప్పాలి. క్లాసులో చందాల నోటుబుక్కు తిరగకూడదు. ప్రైవేటు బళ్లలో టీచర్ల సంగతేమిటని కొందరు అడిగారు. 2020లో కరోనాకు బళ్లు మూతపడితే వాళ్లు అరటిపండ్లు అమ్ముకోవడం, కూలికి పోవడం చూశాం. వాళ్లకు కావలసింది సరైన జీతం. ఏడాదికొక చీర పెడితే ఆ లోటు తీరదు.

ఉద్యోగాల్లో ఉన్న మన అన్నలు కొందరు, "నాకు బతుకునిచ్చిన సారుకు రిటైరైన రోజు వాచీ పెడితే తప్పా?" అన్నారు. తప్పు కాదన్నా. మీ మార్కులు ఇప్పుడు ఆయన చేతిలో లేవు. మీరిచ్చేది కానుకే.

మరి తల్లిదండ్రులు ఏం చేయాలి? బడికి రావాలి. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతటా ఒకే రోజున మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, ముఖ్యమంత్రి మన బాపట్ల మున్సిపల్ హైస్కూలుకు వచ్చారు. మంచిదే. కానీ డిసెంబరంటే పత్తి తీతలు. ఒక పూట బడికి వస్తే ఒక రోజు కూలి పోతుంది, హాస్టల్ పిల్లల తల్లులకు పైన బస్సు ఛార్జీ. ఆ కూలి వదులుకుని వచ్చి కుర్చీలో కూర్చుని, "మావాడికి లెక్కలెందుకు రావట్లేదు సారూ?" అని అడగడాన్ని మించిన మర్యాద మాస్టారికి ఇంకేముంటుంది! సార్లు కూడా ఏడాదికొకసారి మన పల్లెకు రావాలి. మన గడపలో కూర్చుని మంచినీళ్లు తాగాలి. అప్పుడు మేం చెప్పిన ఆ అమ్మకు కారం సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ ఏటి వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులం వేసుకున్న చందాలో శాలువాలకూ మెమెంటోలకూ కొంత పక్కన పెట్టాం. దాన్ని తల్లిదండ్రుల బస్సు ఛార్జీలకు మార్చాలని మాలో కొందరం పట్టుబట్టాం. పెద్దన్నలకు కోపం వచ్చింది, వాదన రెండు ఆదివారాలు నడిచింది, చివరికి ఒప్పుకున్నారు. ఆ లెక్కల మాస్టారిని కూడా పిలిచాం. వస్తానన్నారు.

కబురు చెప్పడానికి ఆ అమ్మకు ఫోన్ చేస్తే, "సారుకు ఏం తేవాల్రా?" అని అడిగింది. ఏమీ వద్దన్నాం, ఎవరూ ఏమీ తేవట్లేదని కూడా చెప్పాం. కాసేపు పలకలేదు. తర్వాత "ఒట్టి చేతుల్తో ఎట్టా వచ్చేదిరా!" అంది.